ట్యాంకు మూతకున్న బెజ్జం

నా చిన్నప్పుడు మా ఊరందరికీ కలిపి ఒకటే ట్రాక్టరు. అది పటేలుది. దాన్ని నడిపేది మా మేనమామ. నాకు బడి లేదు, బడికి బదులు మామే ఉన్నాడు. ఆయన దున్నుతుంటే గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. మధ్యాహ్నం సద్ది తీసుకుపోయేదాన్ని. సాయంత్రం పాత గుడ్డతో బండి తుడవడం నా పని. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనని మామ ఊరందరి ముందు అన్నాడు కాబట్టి, అది నాకు ఉద్యోగం వచ్చినంత గొప్ప.

ఒకరోజు తుడుస్తుంటే డీజిల్ ట్యాంకు మూత మీద సూది పట్టేంత బెజ్జం కనిపించింది. దుమ్మంతా ఇందులోంచే లోపలికి పోతుందని నాకు దిగులు పట్టుకుంది. మా అమ్మ నూనె డబ్బాకు చీమలు దూరకుండా బెజ్జాల మీద మైనం అద్దేది. నేనూ ఇంటికి పోయి చిటికెడు మైనం తెచ్చి, బెజ్జంలోకి కూరి, వేలితో నున్నగా రుద్దాను. ఎవరికీ చెప్పలేదు. మంచిపని చేశానని లోలోపలే మురిసిపోయాను.

మరునాడు బండి నాలుగు సాళ్ళు బాగానే దున్నింది. ఐదో సాలులో దాని గొంతు ఎవరో నొక్కినట్టయింది. మామ ఎంత తొక్కినా బలం రాలేదు, మెల్లగా కొట్టుకుని ఆగిపోయింది. కాసేపు నిలబెడితే లేచింది. మళ్ళీ నాలుగు సాళ్ళకే ఆగింది. మామ ఫిల్టరు కింద డీజిల్ దిగే గాజు గిన్నెలో నీళ్ళు చేరాయేమో చూశాడు, లేవు. ఫిల్టరు విప్పి కడిగాడు. గొట్టంలో గాలి దూరిందేమోనని నట్టు వదులు చేసి, గాలి తీసి బిగించాడు. ట్యాంకు మాత్రం పొద్దున్నే నిండా పోశాడు కదా, దాని వంక చూడనే లేదు.

ఇంతలో పటేలు వచ్చాడు. ఆగిన బండిని చూసి ఆయనకు మండిపోయింది, డీజిల్ బదులు కిరసనాయిలు పోశాడని అనుమానం.

"డీజిల్ అమ్ముకొని గ్యాస్‌నూనె పోసినవా ఏందిరా? పొద్దుగూకేలోపు ఇది నడవకుంటే తాళంచెవి నా చేతిల పెట్టి పో. ఇంకోన్ని చూసుకుంట."

పటేలు అవతలి చెలక దిక్కు పోయాక మామ గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. డీజిల్ పంపు పాడైందని పట్నం నుంచి మేస్త్రీని పిలుస్తాడనుకున్నాను. ఆయన నాతో ఆట మొదలుపెట్టాడు.

"బిడ్డా, నిన్నటిసంది ఈ బండి మీద ఎవరి చెయ్యి ఏడేడ పడ్డదో చెప్పుకుందాం. నాది నేను చెప్త, నీది నువ్వు చెప్పు."

ముందు ఆయనే చెప్పాడు. ఎక్కడ నూనె పెట్టిందీ, ఏ నట్టు బిగించిందీ, ఒక్కటి వదలకుండా అన్నీ. నా వంతు వచ్చింది. లైట్లు తుడిచానన్నాను. చక్రాల మీది రేకులు తుడిచానన్నాను. మూత దగ్గరికి వచ్చేసరికి గట్టు మీది గడ్డి పరకలు పీకడం మొదలుపెట్టాను. మైనం సంగతి చెప్పాను.

మామ కొట్టలేదు, తిట్టలేదు. నన్నెత్తి ట్యాంకు దగ్గర నిలబెట్టి, నా చేతితోనే మూత తిప్పించాడు. "ఉస్స్" మని చప్పుడైంది. బండి ఎప్పటినుంచో ఊపిరాడక ఉన్నట్టు, లోపలికి గాలి పీల్చుకుంది.

"మీ అమ్మ నూనె డబ్బాకు రెండు బెజ్జాలు ఎందుకు కొడ్తది? ఒక్కటే ఉంటే నూనె గుటగుట అని ఆగుతది. అటుకెళ్ళి గాలి పోతెనే ఇటుకెళ్ళి నూనె వస్తది. డీజిలు గూడ అంతే."

మైనం గీకి, ముల్లుతో బెజ్జం పొడిచి మూత పెట్టాడు. బండి పొలం చివరిదాకా ఆగలేదు. పటేలు తిరిగి వచ్చినప్పుడు, మూతకు మట్టి పట్టిందని చెప్పబోయాడు మామ. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, అడ్డంపడి, "మట్టి కాదు, మైనం. నేనే పెట్టిన" అన్నాను. పటేలు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంత పొట్టిదానివి నా బండి ఊపిరి ఆపినవా!" అని నవ్వాడు. తాళంచెవి మామ దగ్గరే ఉండిపోయింది.

మామ పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన కూడా పోయాక నేను ఖతర్ వచ్చాను. అల్ ఖోర్ అనే ఊరు దాటాక మా యజమాని తోట ఉంది, అక్కడ పనివాళ్ళకు వంట చేస్తాను. మా ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నేను దుబాయ్‌లో ఉన్నాననే చెప్పుకుంటారు. తోటలో ట్రాక్టరు నడిపేది గోదావరి దిక్కు మనిషి, యాభై ఏళ్ళవాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడంటాను.

మొన్న ఇసుకగాలి వచ్చి వెళ్ళాక నాలుగు రోజులు ఆ బండికి పని లేదు, దుక్కి మొదలుపెట్టిన రోజే దాని బలం పోయింది. చలికాలం పంటకు నారు ట్రేలలో పెరిగి ఎదురుచూస్తోంది. బండి కాసేపు దున్నుతుంది, ఆగుతుంది. తమ్ముడు ఫిల్టరు కొత్తది వేశాడు, గాలి తీశాడు, ఏమీ మారలేదు. డీజిల్ బయట అమ్ముకుని ఇంకేదో పోస్తున్నాడని ముదీర్‌కు అనుమానం. ముదీర్ అంటే తోట మీద పెద్ద. మధ్యాహ్నానికి బండి నడవకపోతే ఇంటికి టికెట్ చేతిలో పెడతానన్నాడు, ఖలాస్, పని అయిపోయినట్టే అన్నాడు. తమ్ముడికి ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా చదువుతున్నారు.

నేను పప్పు పొయ్యి మీద పెట్టి, కత్తి కోసం సొరుగు లాగాను. నా టేపు చుట్ట కనిపించింది. సగం అయిపోయి ఉంది. మేము ఊరికి పంపే పెట్టెకు ఆ టేపు చుట్టామంటే గాలి కూడా దూరదు. ఇక్కడ మాకందరికీ అదొక అలవాటు. ఇసుకగాలి మరునాడు తమ్ముడు వచ్చి టేపూ, ఒక ప్లాస్టిక్ కవరూ అడిగిన సంగతి గుర్తుకొచ్చింది. ఎందుకని అడగలేదు నేను. గట్టిగా చుట్టమని పైగా సలహా ఇచ్చాను.

కత్తి పట్టుకునే మడి దగ్గరికి నడిచాను.

"తమ్మీ, నా టేపు ఏడ చుట్టినవ్?"

"నా టికెట్టు గోలలో నేనుంటే నీ టేపు గోలేంటక్కా? కొత్తది కొనిస్తాలే, వెళ్ళు."

"కొనియ్యకు. ఏడ చుట్టినవో చూపియ్యి."

"పప్పు మాడిపోద్ది, వెళ్ళక్కా!"

"మాడనియ్. చూపిచ్చేదాంక కదల."

విసుక్కుంటూ ట్యాంకు మూత చూపించాడు. ఇసుక పోకుండా కవరు కప్పి, దాని మీద వరసలు వరసలుగా టేపు చుట్టాడు. డీజిల్ మీటరు ముల్లు ట్యాంకు నిండుగా ఉందని చూపిస్తోంది కాబట్టి అక్కడ మళ్ళీ చెయ్యి పెట్టలేదు. పచ్చడి సీసాకు కూడా ఎవరూ అంత భద్రంగా చుట్టరు. నేను తాకలేదు. కత్తి అతనికిచ్చి అతని చేతితోనే కోయించాను, అతని చేతితోనే మూత తిప్పించాను.

"ఉస్స్" మంది. ఇన్నేళ్ళ తర్వాత అదే చప్పుడు. నా కళ్ళు తడిశాయి.

తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. "ఓరి నాయనో, బండిని పార్సిల్ కట్టేశానక్కా!"

నా చీర పిన్నీసుతో బెజ్జంలోని ఇసుక తీశాం. అతన్ని బండి ఎక్కించి, నేను గట్టు మీద నిలబడి సాళ్ళు లెక్కపెట్టాను. నాలుగు. ఐదు. ఆరు. పదో సాలు దాటినా దాని గొంతు మారలేదు.

ముదీర్ కారు వస్తుంటే తమ్ముడు నా దగ్గరికి దిగి వచ్చాడు. "ఫిల్టరు చెడిందని చెప్దామక్కా, ఎందుకొచ్చిన తంటా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫిల్టరు మీద తోస్తే డీజిల్ దొంగ అన్న మాట అతని మీదే మిగిలిపోతుంది. నాకొచ్చిన హిందీ, నాలుగు అరబ్బీ మాటలు కలిపి నేనే చెప్పాను. టేపు నాది, మూత కట్టేశాం, "హవా మాఫీ", గాలి లేదు అన్నాను. ముదీర్ ట్యాంకులోకి వంగి వాసన చూశాడు. అచ్చమైన డీజిలే. తెగిన టేపునూ, గట్టు మీది కత్తినీ, దున్నిన మడినీ ఒక్కొక్కటే చూశాడు. యల్లా, పని చూసుకోండి అని వెళ్ళిపోయాడు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పప్పు మాడింది. ఆ మధ్యాహ్నం అందరూ మాడిన పప్పే తిన్నారు, తమ్ముడు మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మిగిలిన టేపు ఇంకా నా సొరుగులోనే ఉంది. వంటింట్లో గ్యాసు మండకపోయినా, కొళాయి నీళ్ళు రాకపోయినా, మనిషి మనిషితో మాట్లాడడం మానేసినా, ఎవరినీ ఏమీ అనను. కాసేపు కూర్చుని, నిన్నటినుంచి నా చెయ్యి ఎక్కడెక్కడ పడిందో మామకు చెబుతున్నట్టు మొదటినుంచి చెప్పుకుంటాను.