ఒక్క ఊపిరి మాటలు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు అంటే నేనే. ఎనిమిదో తరగతిలో మార్కులు కాస్త బాగా వచ్చేసరికి ఆ పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను.

మా పక్కింటి అక్క షార్ట్‌హ్యాండు, టైపు నేర్చుకునేది. మేష్టారు ఉత్తరం చదువుతుంటే కోడి గీతల్లాంటి లిపిలో రాసుకుని, తర్వాత మిషను మీద కొట్టాలి. చెరకు పండించే వాళ్ళ నాన్నకి అదంతా ఇష్టం లేదు. "ఈ పరీచ్చ పోయిందంటే మరి టైపు ఊసెత్తొద్దు" అన్నాడు. అందుకే అక్క రోజూ సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఏ మాట కలిపి కొట్టాలి, ఏది విడగొట్టాలి అని అడిగేది.

నాకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకన్నా తెలియదు. అప్పటికప్పుడు ఒక సూత్రం కనిపెట్టాను: ఒక్క ఊపిరిలో వచ్చేది ఒకే మాట. థాంక్యూ ఒకటే, ఆల్రైట్ ఒకటే, బస్టాండు సరేసరి. నోట్లోంచి రావడమే అతుక్కుని వస్తాయి కదా! అక్క నమ్మి నోటుబుక్కులో రాసుకుంది.

పరీక్షకి వారం ముందు మేష్టారు దిద్దిన కాగితం ఇంటికొచ్చింది. నేను అతికించిన చోటల్లా ఒక ఎర్ర సున్నా. వాళ్ళ నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటే ఇయి? గోరింటాకు సుక్కలా?" అన్నాడు. గుమ్మంలో ఉన్న నేను తలుపు చాటుకి జరిగాను. అక్క నా వైపు చూడనైనా లేదు.

"నేనే సరిగ్గా సూసుకోలేదు నాన్నా."

"సరే, ఈ వారం సూత్తాను" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అక్క మేష్టార్ని అడిగి డిక్షనరీ తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊరుకోవే. నాకు మాత్రం తెలుసేటి? తెలీకే కదా నిన్నడిగేను" అంటూ నా బొటనవేలు పట్టుకుని పైకెత్తింది. "మిషను మీద మాటకీ మాటకీ మద్దిని ఖాళీ కొట్టేది ఈ ఏలే. తెలీనప్పుడు ఇలా ఎత్తు. ఇద్దరం ఆగి ఇందులో సూద్దాం."

ఆ వారమంతా నా వేలు కిందికి దిగిందే తక్కువ. వీధిలో నా ఇంగ్లీషు పదవి పోయింది. అక్క పరీక్ష మాత్రం పోలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఏదో కొడుతూ, "అమ్మమ్మా, ఎవ్రీడే కలిపి రాయాలా, విడిగానా?" అంటుంది. నా బొటనవేలు దానంతటదే లేస్తుంది. మెచ్చుకుంటున్నాననుకుని అది మురిసిపోతుంది.

"తెలీదే. ఉండు, ఇద్దరం చూద్దాం" అని కళ్ళజోడు పెట్టుకుని దాని పక్కన చేరతాను.