ఎక్కి నిలబడటానికి చేసిన పీట

మా సేఫ్టీ మాస్టారు పోయారన్న కబురు నాకు పల్పర్ మోతలో అందింది. వాళ్లమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి ఏదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క వినబడటం లేదు. షెడ్డు బయటికొచ్చి మళ్లీ నేనే చేశాను. "పొద్దున్న కాఫీ తాగుతూనే పోయారండీ. మీరు పంపిన కాఫీయే," అంది.

నేను అరకులోయ దగ్గర ఒక కాఫీ యూనిట్‌లో సూపర్‌వైజర్ని. తోటల నుంచి వచ్చిన ఎర్రటి పళ్లని ఏ రోజువి ఆ రోజే పల్పర్ అనే మిషన్లో పోసి, తొక్క తీసి, గింజ కడిగి ఆరబెడతాం. పని చేసేదంతా చుట్టుపక్కల కొండ ఊళ్ల ఆడవాళ్లే. మాస్టారు ఒక పెద్ద కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మాలాంటి చిన్న యూనిట్లకి శిక్షణ ఇవ్వడానికి విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి వచ్చేవారు. పనిని మనిషి ఒంటికి సరిపడేలా ఎలా మార్చాలన్నది ఆయన చదువు. దాన్ని ఎర్గోనామిక్స్ అంటారని బోర్డు మీద ఒక్కసారి రాసి, మా మొహాలు చూసి, తుడిచేశారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన గురించి నెమ్మదిగా, బాధగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. చెయ్యి మాత్రం కోపంతోనే కదులుతోంది. అందుకు మీరు నన్ను మన్నించాలి, లేదా నాతోపాటు మీరూ కోప్పడాలి.

ఆయనకి ముందు మాకు శిక్షణ అంటే ఏమిటో చెబుతాను. ఎవరో కారులో వస్తారు. గోడ మీద బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మల్లో హెల్మెట్లు పెట్టుకున్న తెల్లవాళ్లు నవ్వుతూ ఉంటారు. "జాగ్రత్తగా పనిచెయ్యాలి" అని ఒకటికి పదిసార్లు చెబుతారు. టీ, సమోసా, గ్రూప్ ఫోటో, అంతే. జాగ్రత్త అనే మాటని మా ఆడవాళ్ల నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకునేవారు.

మాస్టారు మొదటి రోజు క్లాసే చెప్పలేదు. షెడ్డులో ఒక మూల స్టూలేసుకుని పని చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఆగి, మా మేనేజర్ "క్లాసెప్పుడండీ?" అని అడిగారు.

"జరుగుతంది కదండీ. ముందు నాను నేర్సుకుంటన్నాను," అన్నారు మాస్టారు. శ్రీకాకుళం వైపు మనిషి. ఎన్నేళ్లు ఉద్యోగం చేసినా ఆ యాస పోలేదు, పోగొట్టుకోవాలని అనుకోనూ లేదు.

ఆ రోజు ఆయన చూసింది బూట్ల సంగతి. షెడ్డు నేలంతా కాఫీ పళ్ల జిగురు, జారుడు. కంపెనీ అందరికీ రబ్బరు బూట్లిచ్చింది. మా ఆడవాళ్లు బూట్లేసుకుని వచ్చి, పల్పర్ ముందు విప్పేసి, ఉత్త కాళ్లతో ఆ జారుడు నేల మీద నిలబడేవాళ్లు. "ఎంత చెప్పినా వీళ్ల బుర్రకెక్కదండీ" అని మేనేజర్ విసుక్కునేవారు. మాస్టారు లేచి వెళ్లి బుద్రిని అడిగారు. బుద్రి మాలో అందరికంటే పాత మనిషి, పల్పర్‌లో పళ్లు పోసేది ఆమే.

"ఏటమ్మా, బూట్లు కరుత్తన్నాయేటి?"

"కరవవు బాబూ. అమ్మోరి కాడికి బూట్లేసుకుని ఎలగెల్తాం?"

సీజన్ మొదటి రోజు పల్పర్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది మేనేజరే. మిషన్ని అమ్మోర్ని చేసింది ఆయన. దాని ముందు బూట్లు విప్పినందుకు వాళ్లని తిట్టేదీ ఆయనే. ఇన్నేళ్లలో ఎందుకు విప్పుతున్నారని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

మాస్టారు నవ్వలేదు. "నిజవేనమ్మా, నువ్వన్నది," అని కాసేపు ఆలోచించారు. "మరి అమ్మోర్ని ఆ గుమ్మం కాడ కూకోబెట్టుకుంటే కోపగించుకుంటాదేటి? అక్కడ దండం ఎట్టుకుని, బూట్లతో లోపలికొచ్చీయొచ్చు."

ఆడవాళ్లంతా వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి బుద్రి తడిగుడ్డతో మిషన్ మీది బొట్టు తుడిచి, షెడ్డు గుమ్మానికి పసుపు రాసింది. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర దండం, లోపల బూట్లు. అరవకుండా, జరిమానా లేకుండా, ఒక్క ప్రశ్నతో అయిపోయిన పని.

ఆయన తరచూ ఒక మాట అనేవారు. "తప్పు సేసినోరెవురని ఎతక్కండి. తప్పు జరగడానికి సందెక్కడ దొరికిందో ఎతకండి." ఈ మాట నేను మా మేనేజర్ గది గోడ మీద రాయిద్దామనుకున్నాను. నా మాట చెల్లితే కదా.

ఇక పీట సంగతి. పల్పర్‌లో పళ్లు పోసే తొట్టి మా ఆడవాళ్ల గడ్డం దాకా వస్తుంది. ఎక్కడి పొడుగు మనుషుల కోసం చేశారో. బుట్ట తల మీదికెత్తి, లోపల ఏముందో కనబడకుండా పోసేవాళ్లు. పళ్లు అడ్డుపడితే మునివేళ్ల మీద నిలబడి చేత్తో తోసేవాళ్లు. కింద రోలర్ తిరుగుతూ ఉంటుంది. మాస్టారు బుద్రిని నిలబెట్టి, కాళ్ల కింద ఇటుకలు పేర్చుకుంటూ పోయారు. ఆమె మోచెయ్యి తొట్టి అంచుకి సమంగా వచ్చినప్పుడు "ఆగండి, ఇదీ ఎత్తు" అన్నారు. గాలికి పడిపోయిన సిల్వర్ ఓక్ చెట్టు చెక్కతో ఆ ఎత్తున వెడల్పాటి పీట చేయించారు. పైన జారకుండా గోనె కొట్టించారు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించారు. చేత్తో తొయ్యకుండా ఒక కర్ర కూడా ఇప్పించారు. పీట తయారయ్యాక ముందు తానెక్కి గెంతి చూశారు. "నాను బరువోణ్ని. నన్ను మోసిందంటే మిమ్మల్నీ మోస్తాది," అన్నారు. బుద్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నాకింకా గుర్తుంది.

ఆ సీజనంతా ఎవరి చేతికీ దెబ్బ తగల్లేదు.

తర్వాతి సీజన్‌లో కాఫీ కొనే పెద్దలెవరో చూడటానికి వస్తున్నారని షెడ్డుకి రంగులు వేశారు. పీట అసహ్యంగా ఉందనీ, ఫోటోలకి అడ్డమనీ మేనేజర్ దాన్ని స్టోర్‌లో పెట్టించారు. వాళ్లు వెళ్లగానే తెచ్చేద్దామన్నారు. వాళ్లు వచ్చారు, వెళ్లారు. నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన "చూద్దాం" అంటూనే ఉన్నారు. ఈలోగా మా వాళ్లు పళ్ల ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి దాని మీద నిలబడటం మొదలెట్టారు. ఒకరోజు తడికి ఆ ట్రే జారింది. పట్టుకోవడానికి కమ్మీ లేదు. బుద్రి చెయ్యి తొట్టిలోకి పోయింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

విచారణ చేశారు. కార్మికురాలి నిర్లక్ష్యం అని తేల్చారు. శిక్షణ ఇచ్చాం కాబట్టి తప్పు ఆమెదేనట. శిక్షణ ఇచ్చారని చెప్పించడానికి మాస్టార్ని పిలిపించారు. అంటే, ఆ ఆడవాళ్లని కాపాడటానికి ఆయన చెప్పిన చదువుతోనే ఆమె నోరు మూయించాలనుకున్నారు. ఇంతకంటే నీచమైన ఆలోచన నేను చూడలేదు.

మాస్టారు ఆ గదిలో గొంతు పెంచలేదు. "శిక్షణ ఇచ్చిన మాట నిజవేనండీ. పీట మీద నిలబెట్టి ఇచ్చాను. ఆ పీట తీసేసినోరు నా క్లాసుకి రాలేదు. నిర్లక్ష్యం అన్న మాట ఆళ్ల పేరు పక్కన రాయండి, సంతకం ఎట్టీస్తాను," అన్నారు.

ఎవరూ రాయలేదు. ఆయన్ని మళ్లీ పిలవలేదు. హెల్మెట్ల బొమ్మలు మళ్లీ గోడెక్కాయి. బుద్రిని గింజలు ఏరే పనిలో కూర్చోబెట్టారు. నిర్లక్ష్యం అన్న మాట ఈనాటికీ ఆమె పేరు పక్కనే ఉంది.

మాస్టారు మాత్రం సీజన్ మొదలవగానే నాకు ఫోన్ చేసేవారు. నా బాగోగులు అడక్కముందే "పీట ఎక్కడుందమ్మా?" అనేవారు. "స్టోర్‌లోనే ఉంది మాస్టారూ" అనేదాన్ని. తర్వాత బుద్రి చెయ్యెలా ఉందని అడిగేవారు. చివరిసారి కూడా ఆయన అడిగింది ఇదే, నేను చెప్పిందీ అదే.

మొన్న యూనిట్‌లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద "మా భద్రతకు మార్గదర్శి" అని మాస్టారి మొహం కంటే పెద్ద అక్షరాలు. షెడ్డు మధ్యలో తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద ఆయన ఫోటో, దండ, దీపం, గుడ్డ మీద పసుపు కుంకుమలు. గుడ్డ అంచు కింద నాకు గోనె, ఫోటో వెనక కమ్మీ కనబడ్డాయి. అది బల్ల కాదు. స్టోర్ నుంచి తెచ్చిన మా పీట.

మేనేజర్ మైకు పట్టుకుని, ఆయన చూపిన బాటలోనే నడుస్తున్నామన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మైకు దించగానే దగ్గరికెళ్లి, "సార్, ఈ పీట పల్పర్ దగ్గరది," అన్నాను.

"తెలుసండీ. ఆయన చేయించిందని గుర్తుగా తెప్పించాను. ఇక్కడే ఉంచేసి రోజూ దీపం పెట్టిద్దాం," అన్నారు, ఎంతో గౌరవంగా.

నేనింకేదో అనబోతుంటే బుద్రి లేచింది. దీపం తీసి పక్కన పెట్టింది. ఫోటోని రెండు చేతులతో ఎత్తుకుని, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, పసుపు రాసిన చోట మేకుకి తగిలించింది.

"ఏంటమ్మా నువ్వు చేసేది?" అన్నారు మేనేజర్.

"దండం ఎట్టుకునే తావు గుమ్మం కాడ. బాబే సెప్పినాడు," అంది బుద్రి. మేనేజర్ వైపు చూడనైనా చూడలేదు. "దీనికి బొట్టెట్టేస్తే ఇంకెవురెక్కుతారు?"

తెల్లగుడ్డ లాగేసింది. గుడ్డలోంచి దిగిన కుంకుమ గోనెకి అంటి ఉంటే తడిచేత్తో తుడిచేసింది. మిగతా ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే వచ్చి తలో చెయ్యీ వేశారు. నేనూ వేశాను. పీట నేల మీద గీసుకుంటూ పల్పర్ దాకా వెళ్లింది.

బయట పళ్ల బస్తాలు దిగుతున్నాయి. బుద్రి గుమ్మం దగ్గర ఫోటోకి ఒకసారి దండం పెట్టుకుని, బూట్లేసుకుని వచ్చి, కమ్మీ పట్టుకుని పీటెక్కింది. ఎవరో బుట్ట అందించారు. నేను చూశాను. ఆమె మోచెయ్యి తొట్టి అంచుకి సమంగా ఉంది.