నడుందాకా సముద్రపు గాలి

నిలబడి ఉన్న మనిషిని మనవాళ్లు ఎందుకు అలా నిలబడనివ్వరో నాకు అర్థం కాదు. కూర్చోండి అంటారు. పరవాలేదంటే కుర్చీ జరుపుతారు. అప్పటికీ కూర్చోకపోతే మోకాళ్ల నొప్పులా అని అడిగి, వాళ్ల బావమరిది వాడిన నూనె పేరు చెబుతారు. ఈ మర్యాద వల్ల ఒకసారి నా మీద గోడ పడింది. మొత్తం కాదు లెండి, మూడడుగులే.

అప్పట్లో విశాఖ వన్‌టౌన్‌లో ఒక పాత రాతిగోడల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నా భార్య సుజాత ముందుగదిలో మగ్గం వర్క్ మొదలుపెట్టబోతోంది. తొలి బేరం పక్కవీధి జమీలా ఆంటీది, కూతురి పెళ్లి దుపట్టా. ఆవిడకు నచ్చితే వీధి వీధంతా వస్తుంది. నచ్చకపోతే మగ్గం అటకెక్కుతుంది. ఆ గది గోడకేమో కింద మూడడుగులూ చెమ్మ. గీత గీసినట్టు ఒక మరక, దాని కింద తెల్లటి ఉప్పు, వేలు పెడితే రాలే ప్లాస్టరు.

విశాఖలో ఏది పాడైనా సముద్రం మీదికి తోసేస్తాం. గేటు తుప్పు పట్టినా, జుట్టు ఊడినా ఉప్పుగాలే. నేనూ అదే నిర్ధారించాను. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే తాపీమేస్త్రీ అప్పలరాజు మాత్రం గోడ అడుగున కాసేపు అరచెయ్యి ఆనించి, నాకేసి జాలిగా చూశాడు.

"సముద్రం గాలి మీ నడుందాకే ఒచ్చి ఆగిపోద్దేటి బాబూ? సెమ్మ ఇది. నేల్లోంచి గోడలోకి ఎక్కుతంది."

గీత పైదాకా ప్లాస్టరు కొట్టేసి, అడుగున వరసగా బెజ్జాలు వేసి చెమ్మని ఆపే మందు ఎక్కించి, రెండు నెలలు గోడని ఆరనివ్వాలట. నేను ఫిజిక్సు డిగ్రీవాణ్ని. సన్నటి గొట్టాల్లో నీరు తనంతట తాను పైకెక్కడం గురించి పరీక్షలో బొమ్మతో సహా రాసి వచ్చాను. అది గాజు గొట్టాల వ్యవహారమనీ, మా ముందుగది దాకా రాదనీ నా అభిప్రాయం. అప్పలరాజుని మర్యాదగా పంపేసి, గోడకి పూల బొమ్మల ప్లాస్టిక్ కాగితం అతికించాను. ఇక గాలి ఎలా వస్తుందో చూస్తానన్నాను.

గాలి రాలేదు. బయటికి పోవాల్సిన చెమ్మ కూడా పోలేదు. పదో రోజుకి కాగితానికి ఏడో నెల పొట్ట వచ్చింది.

జమీలా ఆంటీ దుపట్టా తెచ్చిన పొద్దుటే ఆ పొట్టలో ఏదో జారిన చప్పుడైంది. కాగితం పై అంచు వేలెడు ఊడింది. దాని ముందే చాప మీద ఆవిడ దుపట్టా పరిచారు. పాలమీగడ లాంటి పట్టు. నేను వెళ్లి గోడకి నడుము ఆనించి నిలబడ్డాను.

కూర్చోమన్నారావిడ. ఇలాగే బాగుందన్నాను. సుజాత కుర్చీ జరిపింది. డాక్టరు కూర్చోవద్దన్నాడని చెప్పాను. ఏ డాక్టరని సుజాత కళ్లతోనే అడిగింది. నా వెనక చల్లగా, తడిగా, ఎవరో ఓపికగా నెడుతున్నట్టుంది. ఆంటీ మాత్రం బుటా పూలు ఎక్కడెక్కడ రావాలో తీరిగ్గా వేలితో చూపిస్తున్నారు. ఇంకొక్క అంచు చెప్పేస్తే దుపట్టా మడతపెట్టేస్తారు. నేను వీపుతో ఇంకాస్త గట్టిగా అదిమాను.

సరిగ్గా అప్పుడే, పక్కింట్లో పనికొచ్చిన అప్పలరాజు మంచినీళ్ల కోసం గుమ్మంలోకి వచ్చాడు. నన్నూ, కాగితాన్నీ చూశాడు. అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది.

"బాబూ, అలాగే ఉండండి. కదిలేరంటే మొత్తం ఒచ్చేస్తది."

"అయ్యో, నడుం పట్టేసిందా బేటా?" అంటూ ఆంటీ లేచి, ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని కుర్చీ వైపు లాగారు.

నేను చేయగలిగింది ఒకటే. దుపట్టాకి అటూ ఇటూ చేతులూ మోకాళ్లూ ఆనించి గుర్రంలా వంగాను. మూడడుగుల తడి ప్లాస్టరు, పూలతో సహా, నా వీపు మీద దిగింది. దుపట్టా మీద ఒక్క రవ్వ పడలేదు. అప్పలరాజు వచ్చి ముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాడు.

ఆ నాలుగు కాళ్ల మీదే, సున్నం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో గోడకి వైద్యం చెయ్యను. మేస్త్రీ అరచేతికి నా డిగ్రీ అడ్డం పెట్టను. పైకి అనలేదు, నోట్లో ప్లాస్టరు ఉంది.

ఆంటీ నా పొట్ట కిందనుంచి దుపట్టా జాగ్రత్తగా లాక్కుని, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసుకుని, సుజాత వైపు తిరిగారు.

"పని నీకే ఇస్తానమ్మా. మా ఇంట్లో కూర్చుని కుట్టు. ఈయన్ని మాత్రం తీసుకురాకు."