అన్న పేరున తీసుకున్న టెంట్లు

2022లో నేను తమిళనాడులో పెరియకుళం పైన, కొండ మొదట్లో ఉన్న ఒక ప్రభుత్వ పార్కులో రిజర్వేషన్ కౌంటర్ చూసేదాన్ని. వాగు పక్కన పది టెంట్లు, ఒక వంట షెడ్డు, అంతే మా క్యాంప్‌సైట్. రిజర్వేషన్ ఫీజు అంటే టెంటు మన పేరున అట్టిపెట్టినందుకు ఆన్‌లైన్‌లో కట్టేది. రాకపోయినా తిరిగి ఇవ్వరు. అద్దె వేరు, అది వచ్చి దిగేటప్పుడు కౌంటర్లో కట్టాలి. బుకింగ్ ఎవరి పేరున ఉందో ఆ మనిషే ఆధార్ కార్డుతో ఎదుట నిలబడాలి. కొందరు ఏజెంట్లు టెంట్లన్నీ ముందే పట్టేసి రెట్టింపు ధరకు అమ్ముతుంటే ఈ నిబంధన పెట్టారు. మంచి నిబంధనే. ఇప్పటికీ అదే అంటాను.

మాది తిరుమంగళం పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం; ఈ తెలుగు అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాను. ఆ ఏడు ఆవణి మాసంలో, అంటే ఆగస్టు చివర్లో, ఒక మధ్యాహ్నం నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుండగా వ్యాను ఒకటి వచ్చి ఆగింది. ఎనిమిది మంది దిగారు. కొత్త కుండ, బియ్యం, బెల్లం, కట్టెల మోపు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన కౌంటర్ దగ్గరికి వచ్చి నా తెలుగు మాటలు విన్నాడు. ఆయన ముఖం విప్పారింది.

"మీరు మనోళ్ళేనా తాయీ? ఏ ఊరు మీది?"

నేను జవాబివ్వకుండా ఆయన చేతిలోని రెండు టెంట్ల బుకింగ్ స్లిప్పు తీసుకున్నాను. అందులో ఉన్న పేరు ఆయనది కాదు. ఎవరిదని తమిళంలోనే అడిగాను.

"మా అన్నది. ఆయన మంచం మింద ఉండాడు. కులదెయ్యానికి ఏది జేసినా ఇంటికి పెద్దోడి పేరుతోనే గదా తాయీ మొదలు పెట్టేది. మీ ఇంట్లోనూ అంతే గదా."

అంతే. నా జీతంతో కొన్న స్కూటరు కూడా మా తాత పేరునే ఉంది. ఆయన చెప్పేది నాకు అర్థం కాకపోవడమేమీ లేదు. వాళ్ళ కులదేవత రాయి వాగు అవతల ఉంది. పొద్దు పొడవక ముందే అక్కడ పొంగలి పొంగాలి. పార్కు గేటు తెరిచేది ఎనిమిదికి. కాబట్టి టెంటులో దిగినవాళ్ళకే అది కుదురుతుంది.

"అన్న వచ్చే ఏడు ఉండడని డాక్టర్ చెప్పేసినాడు. ఆ పొంగలి ఒగ ముద్ద నోట్లో పెట్టమని అడిగినాడు. కావాలంటే పోన్లో మాటాడిస్తాను, మీరే అడగండి."

"రూల్ అదాన్ అయ్యా. పేరు ఉళ్ళవర్ నేరిల వరణుం," అన్నాను. రూలు అదే, పేరున్న మనిషే స్వయంగా రావాలి అని.

తెలిసిన ముఖమని ఒక ఏజెంటు మనుషులను వదిలినందుకు అంతకు ముందు వారమే నాకు మెమో వచ్చింది. పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగైనా ఊదుకుని తాగుతుందంటారు. పక్క బల్ల దగ్గర తోటి ఉద్యోగి కూర్చుని ఉన్నాడు. తెలుగులో ఒక్క మాటన్నా, తనవాళ్ళని చేసిందంటాడని భయం. నిజానికి దారి ఒకటుంది. అన్న సంతకంతో కాగితం ఫోటో తెప్పించి, పై అధికారికి ఒక ఫోన్ చేస్తే పేరు మార్చవచ్చు. పది నిమిషాల పని. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

ఆయన స్లిప్పు వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్ళు కుండను మళ్ళీ వ్యానులోకి ఎక్కించారు. సాయంత్రం ఆ రెండు ఖాళీ టెంట్ల తలుపు తెరలు నేనే కట్టాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ రోజు ఆ పూజారిని నేనే.

మరుసటి ఏడు అదే మాసంలో ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి స్లిప్పు మీదా కార్డు మీదా ఒకటే పేరు, ఆయనదే. నేను లేచి నిలబడి తెలుగులో అడిగాను.

"అన్నకు ఎట్లుండాది అయ్యా?"

ఆయన అద్దె కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నన్ పోయిట్టార్ మా. ఇప్పో వీట్టుక్కు పెరియవన్ నాన్‌దాన్."

అన్న పోయాడు, ఇప్పుడు ఇంటికి పెద్ద నేనే అని. కోపంగా అనలేదు. కానీ నాతో తెలుగు మాట్లాడలేదు.

తెల్లవారి వెళ్ళేటప్పుడు, అక్కడున్న అందరికీ పెట్టడం ఆచారం కనుక, ఆకులో ఒక ముద్ద పొంగలి నా బల్ల మీదా పెట్టి వెళ్ళారు.

రూలు తప్పని నేను అనను. దాన్ని గౌరవిస్తూనే దాటే దారి తెలిసి, భయపడి చెప్పకపోవడం తప్పు. పేరు మార్చుకునే పద్ధతి ఇప్పుడు కౌంటర్ అద్దానికి అంటించి ఉంది. ఎవరు వచ్చినా నోటితోనూ చెబుతాను, వాళ్ళు ఏ భాషలో అడిగితే ఆ భాషలో. ఆ పెద్దాయన మాత్రం ఏటా వస్తున్నాడు, ఏటా నాతో తమిళమే మాట్లాడుతున్నాడు.