ఖాళీ పడవకు మంచి గ్రేడ్ ఇవ్వొద్దన్న మా జలీల్ చాచా

పని మీద పినపాక వెళ్ళి, నిన్న పొద్దున అక్కడ ఇల్లందు బస్సెక్కి ఇంకా సర్దుకోలేదు, ఫోన్ మోగింది. చాచీ.

"బేటా, మీ చాచా లేడు. దవాఖానాకు తీస్కపోయేలోపే పోయిండు."

"అవ్ చాచీ" అన్నాను.

అంతే. ఎందుకలా అన్నానో తెలియదు. ఎక్కడ కొత్త మాట వినబడినా నోట్‌బుక్‌లో రాసుకునే నాకు ఆ నిమిషంలో దొరికింది ఆ ఒక్క మాటే.

ఇల్లందులో నేను కిరాయికి ఉంటున్న గది జలీల్ చాచా ఇంటి మేడ మీదే. మీలో ఇల్లందు వాళ్ళకు ఆయన స్కూటర్ మీద మెల్లగా వెళ్ళే పెద్దాయనగానే తెలుసు. సైకిళ్ళు కూడా ఆయన్ను ఓవర్‌టేక్ చేసేవి! నవ్వితే పట్టించుకునేవారు కాదు.

"స్పీడ్ జర తగ్గిస్తే ఆయిల్ మస్తు మిగులుతది బేటా. ఓడకైనా గంతే, స్కూటర్‌కైనా గంతే."

ఊరికే అన్న మాట కాదది. చాచా సరుకు ఓడల మీద చీఫ్ ఇంజనీర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఓడలు ఇంధనం వృథా చేయకుండా అన్ని దేశాలూ లండన్‌లో కలిసి రూల్స్ రాసుకుంటున్నాయి కదా, వాటి మీద మన దేశం తరఫున అభిప్రాయాలు తయారుచేసే కమిటీలో ఆయన కూడా ఒకరు. ఇల్లందులో, వంటింటి పక్కనున్న చిన్న టేబుల్ మీద ఆ పని జరిగేది.

ఆ టేబుల్ దగ్గర నాకూ ఒక డ్యూటీ ఉండేది. ఇంగ్లిష్ రూల్‌ను తెలుగులోకి మార్చడం.

మొదటిరోజు ఉత్సాహంగా "ఇంధన వినియోగ దక్షతా సూచిక" అని రాసి చూపించాను. చాచా కళ్ళద్దాలు పైకి నెట్టి చూశారు.

"ఏంది బేటా ఇది? గీ మాట మోసేటందుకే ఓడకు సగం ఆయిల్ అయిపోతది."

ఆ రోజు చాలా ఉడుక్కున్నాను. అయినా ఆ పేజీ చించకుండా దాచుకున్నాను.

అసలు తెలుగు ఎందుకు చాచా, కమిటీ వాళ్ళు చదవరు కదా అని అడిగాను. "కమిటీకి కాదు. ఇంజన్ నడిపేటోడికి చెప్పాలె. రూల్ల సందు ఎక్కడున్నదో వానికే జల్దీ దొరుకుతది" అన్నారు.

అందుకే ఒక ఆదివారం నన్ను పర్ణశాల తీసుకెళ్ళారు. అక్కడికొచ్చే భక్తులను గోదావరిలో తిప్పే ఇంజన్ పడవ సోమయ్యది. ఆయన ఇంజన్ తుడుచుకుంటుంటే, ఒడ్డున నిలబడి నేను రాసుకున్నది చదివాను. పెద్ద ఓడలకు ఏడాదికోసారి గ్రేడ్ ఇస్తారు. ఎంత ఇంధనం కాల్చింది, ఎంత దూరం తిరిగింది, ఎంత బరువు మోయగలదు. ఈ మూడే చూస్తారు.

సోమయ్య చెయ్యి ఆగింది.

"మోయగలదు అంటే? మనుషులు ఎక్కిన్రా లేదా చూడరా?"

"చూడరు."

"ఎంతమంది పడతరన్నదే లెక్కనా?"

"అవ్."

"అయితే ఇంకేంది! పొద్దుందాక ఉత్త పడవే తిప్పుత. బరువు లేకుంటే డీజిల్ తక్కువ తాగుతది. ఫస్ట్ గ్రేడ్ నాదే!"

చాచా తొడ చరుచుకుని నవ్వారు.

"చూసినవా బేటా! పెద్ద పెద్ద సార్లకు ఇది ఒప్పియ్యలేక నేను ఏండ్ల సంది కొట్లాడుతున్న. ఈయన ఇంజన్ తుడుచుకుంట చెప్పిండు. సోమయ్యా, నీ ముచ్చట లండన్ మీటింగ్‌ల చదివిపిస్త."

"చదువుడు సరే సారూ, నాకో కొత్త ఇంజన్ పంపమనుండ్రి."

చాచా అడిగేది ఇంతే. ఓడ మోయగల బరువును కాదు, నిజంగా మోసిన సరుకును చూసి గ్రేడ్ ఇవ్వండి. ఖాళీగా తిరిగే ఓడకు మంచి గ్రేడ్ వస్తుంటే పొగ ఎలా తగ్గుతుంది? ఆ రూల్‌ను మళ్ళీ పరిశీలిస్తున్నారు కాబట్టి ఒక పేజీ రాశారు. చివరి పేరాలో సోమయ్య పడవ ఉంది. పంపడానికి గడువు ఇవాళే.

కమిటీలో ఒకాయన ఫోన్ చేసి, అంత పెద్ద మీటింగ్‌లో పడవ కథ బాగుండదు, తీసేయండి అన్నారట. మొన్న సాయంత్రం చాచా ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పారు.

"రేపు నువ్వు రా బేటా. ఉంచాల్నో, తియ్యాల్నో ఇద్దరం చూద్దం."

నిన్న నేను వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులే చెప్పులు.

అంత్యక్రియలయ్యాక చాచీ నన్ను టేబుల్ దగ్గరకు పిలిచి కాగితం చేతిలో పెట్టింది. సోమయ్య పేరా చుట్టూ పెన్సిల్‌తో గీత. కొట్టేశారేమో అనుకున్నాను.

కొట్టెయ్యలేదు. ఆ గీత నుంచి ఒక బాణం పైకి వెళ్ళింది, పేజీ మొదటి లైన్ దాకా. చివర్లో ఉన్న పడవను తీసుకొచ్చి అన్నిటికంటే ముందు పెట్టారు!

ఇవాళ పొద్దున ఆయన గీసినట్టే టైప్ చేశాను. చాచీ పక్కన కూర్చుని మొత్తం చదివించుకుంది. "పంపు" అంది. పంపాను.

ఆ మాట గెలుస్తుంది. ఈసారి కాకపోతే వచ్చేసారి. పడవ నడిపే మనిషికి ఒక్కసారి వింటేనే అర్థమైన విషయం ప్రపంచానికి ఎన్నాళ్ళు అర్థం కాకుండా ఉంటుంది?

తర్వాత సోమయ్యకు ఫోన్ చేసి రెండు సంగతులూ చెప్పాను.

"సారు మంచాన పడ్డడా బిడ్డా, జల్దీ పోయిండా?"

"జల్దీనే పోయిండు."

"గా ఒక్క పనే సారు స్పీడ్‌గ చేసిండు."

ఇక తొందరేం లేదు చాచా. మీకిష్టమైన ఆ మెల్లని స్పీడ్‌లోనే వెళ్ళండి. మీరు చేరే తీరంలో అంతా నిమ్మళంగా ఉండాలి.