నీలం చేతులు

నిర్మలకి దయ్యాల సినిమాలంటే ప్రాణం. అయితే మన దయ్యాలు ఆమె కంటికి ఆనవు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, మధ్యలో ఒక కమెడియను, చివర్లో నిమ్మకాయలు పట్టుకుని ఒక స్వామీజీ. "ఇంత గోల చేసే దయ్యానికి ఎవరు భయపడతారే? ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు వచ్చినట్టు వచ్చిద్ది" అంటుంది. ఆమెకి కావలసింది జపాన్ వాళ్ళ దయ్యం. అదీ ఇప్పటిది కాదు, తెలుపూ నలుపూ కాలం నాటిది. ఏమీ చెయ్యకుండా, ఒక మూల, తలొంచుకుని కూర్చుని ఉండే దయ్యం.

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఒక మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే మనిషికి ఈ రుచి ఎట్లా అబ్బిందని ఎవరికైనా అనుమానం రావచ్చు. కరోనా ఏడాది పనుల్లేక ఇంట్లో కూర్చున్నప్పుడు, కూతురు లహరి ఫోనులో ఏదో నొక్కబోతే ఇంకేదో వచ్చింది. పాత సినిమా. ఒక ఇల్లు, ఒక తలుపు. ఆ తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. దాని వెనక ఎవరున్నారో చూపిస్తారేమోనని నిర్మల కళ్ళార్పకుండా చూసింది. చూపించలేదు. సినిమా అయిపోయినా చూపించలేదు. ఆ రోజంతా ఆమె తన ఇంటి తలుపు వంక చూస్తూనే ఉంది.

అప్పటి నుంచి అదే పిచ్చి. సెలవు రోజు మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసి, తలుపు గడియపెట్టి, మే నెల ఎండల్లో ఫ్యాను కూడా కట్టేసి చూస్తుంది. ఫ్యాను తిరుగుతుంటే ఆ సినిమాల్లో నిశ్శబ్దం వినపడదట. లహరి చెమటలు కక్కుతూ బయటికి పారిపోయేది. తెర కింద వచ్చే తెలుగు అక్షరాలు మనుషులు రాసినవి కావు, యంత్రం రాసినవి. "నీవు నీరు త్రాగుట చేయుము" లాంటి మాటలు. నిర్మల వాటిని సర్దుకుని చదువుకునేది.

చూడగా చూడగా ఏ సినిమా ఎవరు తీశారో ఆమెకి పోల్చుకోవడం వచ్చింది. డైరెక్టర్ల పేర్లు నోరు తిరగవు కాబట్టి తనే పేర్లు పెట్టుకుంది. ఒకాయన "పెద్దాయన". లహరి ఫోనులో ఆయన ఫొటో చూపించింది. కెమెరా పక్కన గొంతుక్కూర్చుని ఉన్న బక్కమనిషి, నిర్మల పుట్టకముందే పోయాడు. ఇంకొకాయన "గాలాయన", ప్రతి దానికీ ఈదురుగాలి పెడతాడు. గాలాయన మీద ఆమెకి పెద్ద గౌరవం లేదు. "భయం లోపల్నుంచి రావాల గానీ గాలి కొడితే వచ్చిద్దా?" అని కొట్టిపారేసేది. పెద్దాయన మాటెత్తితే మాత్రం గొంతు మారిపోయేది.

పెద్దాయన తీసిన వాటిలో ఒకటి ఆమెకి అన్నిటికంటే ఇష్టం. నీటి కరువున్న ఊళ్ళో బట్టలకి నీలిరంగు అద్దే వాడి పెళ్ళాం ఒకామె. రంగు పట్టి ఆమె చేతులు మణికట్టు దాకా నీలం. దాహమని వచ్చినవాళ్ళకి నీళ్ళిస్తుంది. ఊళ్ళో ఒక పిల్లవాడు జ్వరమొచ్చి చచ్చిపోతాడు. ఆ నీలం చేతి నీళ్ళు తాగే పోయాడని ఎవరో అంటారు. ఇక ఆమె దగ్గర ఎవరూ నీళ్ళు తీసుకోరు. ఆమె గడపలో కూర్చుని కుండ చాపుతుంది, మనుషులు పక్కనించి పోతుంటారు. అట్లాగే చచ్చిపోతుంది. తర్వాత ఆ ఊళ్ళో ఏ గడపలో చూసినా ఆమే, కుండ చాపుకుని. ఎవర్నీ ఏమీ అనదు, పీక పిసకదు. చివర్న పెద్దాయన ఆ చేతుల్నీ కుండనీ చూపిస్తూ ఉండిపోతాడు. ఎంతసేపంటే, మధ్యలో లేచి పొయ్యి మీద పాలు దించి వచ్చినా ఆ చేతులు అక్కడే ఉంటాయి.

"భయమంతా ఆమెని చూసి కాదే. నీళ్ళు తీసుకోనోళ్ళని చూసి" అని లహరికి చెప్పింది ఒకసారి. అంత బాగా అర్థం చేసుకున్న మనిషి చేసిన పని వినండి.

షెడ్డులో ఒక అలవాటుంది. కాయల రాశి చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు తొడిమలు తీస్తూ, తెల్లబడిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తూ ఉంటారు. ఘాటుకి దగ్గులు, తుమ్ములు. పొద్దు పోవాలంటే ఎవరో ఒకరు కథ పెట్టాలి. కథ చెప్పే మనిషికి చెయ్యి మందగిస్తుంది కాబట్టి, వినేవాళ్ళు తలా పిడికెడు తీసిన కాయలు ఆమె బుట్టలో వేస్తారు. కథ బాగుంటే బుట్ట నిండుతుంది, బాగోకపోతే ఎవరి పిడికిలి వాళ్ళ దగ్గరే ఉంటుంది. నిర్మల ఒకరోజు నీలం చేతుల కథ ఎత్తుకుంది.

జపాన్ అనగానే ఆవులింతలు మొదలయ్యాయి. పక్కన కూర్చునే రబియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఆడెక్కడో జపాన్ దయ్యం మన నరసరావుపేటకి ఏ బస్సెక్కి వచ్చిద్ది నిర్మలక్కా? సీరియల్ కథన్నా చెప్పు" అంది. అందరూ నవ్వారు. బుట్టలో ఒక్క కాయ పడలేదు.

నిర్మలకి ఒళ్ళు మండింది. పెద్దాయనని పట్టుకుని నవ్వుతారా అనిపించింది. మర్నాడు అదే కథ మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి జపాన్ లేదు. "ఈపూరు అవతల మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో జరిగింది, నా కళ్ళతో చూశా" అంది. షెడ్డు సద్దుమణిగింది. నీలం చేతుల దగ్గరికొచ్చేసరికి నోరు ఆగింది. ఈపూరు పక్కన నీలిరంగు అద్దేవాళ్ళెవరున్నారు? ఏం చెప్పాలా అని వెతుక్కుంటూ తలెత్తింది. ఎదురుగా షెడ్డు తలుపు, తలుపు బయట కృష్ణకుమారి టిఫిన్ బండి. కృష్ణకుమారి ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. బొల్లి వచ్చిన చేతులు, మోచేతుల దాకా తెల్లటి మచ్చలు.

"చేతుల నిండా తెల్లమచ్చలు" అనేసింది నిర్మల.

అక్కడితో ఆగినా పోయేది. ఎవరో అబ్బా అన్నారు, ఒక పిడికెడు కాయలు బుట్టలో పడ్డాయి. ఆ చప్పుడు ఆమెకి తలకెక్కింది. ఆ మచ్చల చేతి తిండి తిన్నవాళ్ళకి మచ్చలు వచ్చాయంది. ఒక పిల్లవాడు పోయాడంది. తప్పు ఎవరిదో, చివర్న ఆ కుండ ఎందుకు చాపిందో ఆ ఊసే ఎత్తలేదు. పెద్దాయన ఏ మనిషి పక్షాన నిలబడి సినిమా తీశాడో ఆ మనిషినే ముద్దాయిని చేసి నిలబెట్టింది. ఆ రోజు బుట్ట పొర్లిపోయింది.

కృష్ణకుమారికి ఆ బండి తప్ప ఇంకో ఆధారం లేదు. లారీ క్లీనరుగా చేసే మొగుడు చచ్చిపోయాక షెడ్డు ముందు బండి పెట్టుకుంది. మొదటి రోజు బోణీ చేసింది నిర్మలే. ఆ రోజు సాయంత్రానికి పాత్ర ఖాళీ అయిందని, అప్పటి నుంచి "నీ చెయ్యి మంచిది నిర్మలక్కా, నువ్వు తింటేగానీ ఇంకొకళ్ళకి పెట్టను" అని పట్టుబట్టేది. రోజూ నిర్మల వచ్చి రెండు ఇడ్లీ తిన్నాకే మిగతావాళ్ళు చుట్టూ మూగేవాళ్ళు.

కథ చెప్పిన మర్నాడు నిర్మల బండి దగ్గరికి పోలేకపోయింది. ఆ చేతుల వంక ఏ మొహం పెట్టుకుని చూడాలి? ఇంటి నుంచి డబ్బాలో అన్నం తెచ్చుకుని తలొంచుకుని లోపలికి పోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ వారంలోనే ఒకామెకి వాంతులు పట్టుకున్నాయి. ఎండాకాలంలో వాంతులు కాక ఇంకేం పట్టుకుంటాయి? అయినా అందరి చూపులూ బండి మీదికే పోయాయి. ఒక్కొక్కరే డబ్బాలు తేవడం మొదలుపెట్టారు. కృష్ణకుమారి పాత్ర చిన్నదైంది. కొన్నాళ్ళకి ఆమె చేతులకి మందుల షాపులో దొరికే రబ్బరు తొడుగులు కనపడ్డాయి.

ఆ తొడుగులు చూసిన రోజు నిర్మలకి అన్నం సహించలేదు. ఫోను తెరవబుద్ధి కాలేదు. తెరిస్తే పెద్దాయన కనపడతాడు. గొంతుక్కూర్చుని, నవ్వకుండా, ఆమె వంకే చూస్తున్నట్టు ఉంటాడు. సిగ్గుతో చచ్చిపోయింది.

దిద్దుకుందామని ఒక ఉపాయం ఆలోచించింది. భోజనాల వేళ ఫోను కాయల బస్తాకి ఆనించి పెట్టి అందర్నీ పిలిచింది. "నేను చెప్పిందంతా అబద్ధం. మా పెద్దమ్మా లేదు, ఈపూరూ లేదు. ఇదిగో సినిమా, మీ కళ్ళతోనే చూడండి. ఆమె తప్పు ఏమీ లేదు" అంది. అందరూ తింటూ చుట్టూ చేరారు. పెద్దాయనేమో నిదానస్తుడు. ఆయన ఊరు చూపించి, బావి చూపించి, గుడ్డలు ఆరేసిన దండెం చూపించి, కుండ చూపించేసరికి సగం సమయం అయిపోయింది. తెర మీద పిల్లవాడు చచ్చిపోయి తల్లి గుండెలు బాదుకుంటుండగా షెడ్డు మేస్త్రి పనికి రమ్మని ఈల ఊదాడు. అందరూ లేచారు.

"ఇంకొంచెం ఉండండే, అసలు సంగతి ముందుంది" అని నిర్మల బతిమాలింది.

రబియా చేతులు కడుక్కుంటూ, "ఇంకేం సంగతి నిర్మలక్కా? మనకే అనుకున్నా, ఆ దేశంలో గూడా ఇట్టాంటి చేతులోళ్ళు ఉన్నారన్నమాట. నువ్వు చెప్పింది నిజమే" అంది. మిగతావాళ్ళు తలలూపారు.

మర్నాడు నిర్మల డబ్బా తెచ్చుకోలేదు. షెడ్డు తెరవకముందే వచ్చి బండి ముందు బల్ల మీద కూర్చుంది. కృష్ణకుమారి ఆమెని చూసింది. పొయ్యి సన్నం చేసింది.

"ఆ కథ నేనే చెప్పా కృష్ణా" అంది నిర్మల.

"తెలుసక్కా. అదే రోజు రబియా చెప్పింది. చానా బాగా చెప్పావంట."

"తెలిసి గూడా నన్ను ఒక్క మాట అనలేదేందే?"

కృష్ణకుమారి తొడుగులు లాగేసి బండి కింద పడేసింది. చెమటకి నానిపోయి ఆమె వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి, ఒకచోట తోలు లేచింది. "నువ్వే వస్తావనుకున్నా. రోజూ బోణీ వేళకి రోడ్డు వంకే చూస్తన్నా" అంది.

నిర్మలకి ఏడుపొచ్చింది. "నా నోట్లో పురుగులు పడ. ఆ కథ వల్ల నీ బేరం పోయింది" అంది.

"కథ వల్ల కాదక్కా." కృష్ణకుమారి గొంతులో కోపం కూడా లేదు. "కథ విన్నాక గూడా వాళ్ళు మర్నాడు వచ్చారు. బండి చుట్టూ నిలబడ్డారు, నువ్వు తింటే తిందామని. నువ్వు డబ్బా పట్టుకోని లోపలికి పోయావు. నువ్వు పోయినాకే వాళ్ళూ ఒక్కొక్కరే పోయారు."

నిర్మల ఇన్నాళ్ళూ తన మాట తప్పనుకుంది. మాట కంటే పెద్ద తప్పు తన కాళ్ళు చేశాయని అప్పుడే తెలిసింది. సినిమాలో కుండ పక్కనించి పోయే మనుషుల్లో మొట్టమొదట పోయినావిడ ఎవరో ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. పెద్దాయన ఆవిడ మొహం కూడా సరిగా చూపించడు, వీపు చూపిస్తాడు.

"ఆ సినిమాలో ఎట్టా అయిపోయిద్దక్కా?" అడిగింది కృష్ణకుమారి, పళ్ళెంలో ఇడ్లీ వేస్తూ.

"కుండ చాపుకోని ఉంటది. ఎవరూ తీసుకోరు. అంతే."

కృష్ణకుమారి పళ్ళెం చాపింది. నిర్మల రెండు చేతులా అందుకుంది, తినడం మొదలుపెట్టింది. ఇడ్లీ వేడిగా ఉంది. అంతలో ఆటో వచ్చి ఆగింది. ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని దిగారు. నిర్మల తింటుండడం చూశారు. రబియా నడక కొంచెం ఆగింది. కృష్ణకుమారి ఇంకో పళ్ళెంలో రెండు వేసి, ఉత్త చేత్తో, వాళ్ళ వైపు చాపింది.

నిర్మల తలెత్తి చూసింది. తెల్లమచ్చల చెయ్యి గాలిలో ఉంది. రబియా ఆ చేతి వంక చూసింది, నిర్మల వంక చూసింది, కొంగు సర్దుకుని లోపలికి పోయింది. మిగతావాళ్ళూ వెనకే పోయారు. మేస్త్రి ఈల ఊదాడు. చెయ్యి దిగలేదు.

ఈ బొమ్మని ఫోనులో చూసి ఎంత బాగా తీశాడని ఎన్నిసార్లు మురిసిపోయిందో నిర్మలకే తెలుసు. ఇప్పుడు మధ్యలో లేచి పోవడానికి పొయ్యి మీద పాలు లేవు. "అది గూడా నాకే వెయ్యవే" అని తన పళ్ళెం ముందుకు జరిపింది. పని వేళ దాటిపోతున్నా బల్ల మీదే కూర్చుంది, లోపలున్న వాళ్ళందరికీ కనపడేట్టు.