పొత్రంతో దిగిన బావి

మొన్న ఆదివారం మా మనవరాలు బాల్కనీలో నిలబడి, ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని గాలి ఊదుతుంటే, పిల్లకు చెవిపోటు వచ్చిందనుకుని మా ఆవిడ వెల్లుల్లి వేసి నూనె కాచడం మొదలుపెట్టింది. చెవిపోటూ లేదు, ఏమీ లేదు. ఆ అమ్మాయి ఒక్క ఊపిరి మీద సముద్రంలో లోతుకు దిగడం నేర్చుకుంటోందట, దిగేకొద్దీ నీళ్ళు చెవిగూబను నొక్కుతాయి కనుక ఇలా మెల్లగా ఊది సర్దుకోవాలట. చెవుల్లో దూది కుక్కకూడదు, ఊపిరి ఖాళీ చేసుకుని దిగకూడదు, గబగబా పోకూడదు, నొప్పి పుడితే వెంటనే వెనక్కి తిరగాలి అని అది చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఆ కూడనివన్నీ ఒక్క పూటలో చేసిన ఘనుణ్ణి నేను.

అప్పట్లో మేము పనికోసం వలసొచ్చిన తెలుగువాళ్ళుండే కామాటిపురాలో ఉండేవాళ్ళం, నేను కొత్తగా తాపీ పనిలో చేరాను, మా మేనమామ కుటుంబం పక్క గల్లీలోని ఒంటిగది ఇళ్ళ చాల్‌లో ఉండేది. మామ కూతురిని నాకు ఖాయం చేయడానికి పెద్దలు సాయంత్రం కూర్చుంటారనగా, నా పనితనం చూపిద్దామని పొద్దున్నే వెళ్ళి, అత్త నీళ్ళు తోడే రాగి హండాకు నేనే తాడు ముడివేసి చాల్ వెనక బావిలోకి వదిలాను. ముడి ఊడింది, హండా మునిగింది. అది అత్తకు పుట్టింటివారు పెట్టిన హండా. సాయంత్రంలోగా అది పైకి రాకపోతే పిల్లనిచ్చే మాట కూడా దానితోపాటే బావిలో ఉన్నట్టని ఆమె ముఖం చెప్పేసింది.

గాలానికి అది చిక్కలేదు. ఈలోగా చాల్ చాలంతా బావి చుట్టూ మూగింది, మనవాళ్ళు నలుగురు చేరితే సలహాలకు కరువుంటుందా! మామ గట్టుమీద నిలబడి, "దమ్ము మొత్తం ఇడిచి దుంకు అల్లుడా, సీదా కిందికి పోతవ్" అన్నాడు. మా అమ్మ నీళ్ళు దూరకుండా నూనె దూది మీద మైనం మెత్తి రెండు చెవులూ బిగించింది. బరువుంటే తొందరగా దిగుతాడని ఎవరో రుబ్బురోలు పొత్రం తెచ్చి చేతికిచ్చారు, అదీ అత్తదే. అన్నీ పాటించి దూకాను. రెండు నిలువుల లోతు దాటేసరికి చెవుల్లో సూదులు దిగాయి, ఖాళీ రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టయింది. హండా అంచు కాలికి తగిలింది కూడా, వంగితే అందేది, కానీ ప్రాణం తీపి కదా, పొత్రం వదిలేసి పైకొచ్చి పడ్డాను.

అలా అత్త సామాన్లు రెండయ్యాయి బావిలో. ఆమె ఇక నోరు విప్పబోతుంటే, మామ కూతురు ముందుకొచ్చి నా చెవుల్లోంచి దూది పీకుతూ, "పొత్రం పోతే పోనియ్యుండ్రి, మనిషైతే పైకొచ్చిండు గద" అందట. అందట అని ఎందుకంటున్నానంటే నాకు వినబడలేదు, తర్వాత మా అమ్మ చెప్పింది, ఆ మాటకు అత్త కూడా మెత్తబడిందట. సాయంత్రం కూడా చెవులు తెరుచుకోలేదు, పెద్దలు ఏదడిగినా తలూపాను, ఇంత వినయం గల పిల్లవాడు దొరకడని మామ మురిసిపోయాడు. ఆ తలూపుల్లో ఇల్లరికం కూడా ఒకటుందని నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

ఆ బావిని పూడ్చేశారు, చాల్ పోయి లిఫ్టున్న బిల్డింగు లేచింది, పక్కింటివాళ్ళ పేరేమిటో నాకు తెలియదు. మనవరాలు తాడు పట్టుకుని, శిక్షణ పొందిన తోడుతో దిగుతోంది, సగంలో తిరిగొస్తే గురువు మెచ్చుకుంటాడట, నాకెంతో నిశ్చింతగా ఉంది. అయినా అప్పుడప్పుడు ఆ గట్టు మీది జనం కళ్ళముందు మెదులుతారు. వాళ్ళు చెప్పిన సలహాల్లో ఒక్కటీ సరైనది కాదు. కానీ నేను పైకి రావడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే అందరూ దూకేసేవాళ్ళే, ఈత రానివాళ్ళతో సహా.